మన ఇంటి మాట: ఆ ఒక్క గంట

జూన్ నెల వచ్చింది. పడమటి కొండల మీది నుంచి చల్లగాలి దిగింది. సంతలో మామిడిపండ్ల గంపలు పలచబడి, అంగళ్ళ ముందు నోటుపుస్తకాలు, సంచులు, నీళ్ళ సీసాలు వరుస తీరాయి. మన రాజపాళయంలో పళయపాళయమైనా పుదుప్పాళయమైనా, పొద్దున ఎనిమిది గంటలయ్యేసరికి ఏ ఇంట చూసినా ఒకటే సందడి. జడలు వేసే చేతులు ఒక పక్క, ఇడ్డెన నోట్లో పెట్టే చేతులు ఒక పక్క. ఆ పిల్లల్లో కొందరు సర్కారు బడికి, కొందరు మనవారు పెట్టిన బడులకు, మరికొందరు మాతాకోవిల బడికి పోతారు. ఈ నెల మన ముచ్చట ఆ మాతాకోవిల బడిని గురించి.

సిస్టర్ల బడి అన్నా, ఫాదర్ బడి అన్నా మనవాళ్ళకు ఒక నమ్మకం. శుభ్రంగా వుంటుంది, వేళకు గంట కొడతారు, ఆడపిల్లను పంపితే దిగులు లేదు అంటారు. ఆ నమ్మకంతో పాటు లోలోపల ఒక గుబులు కూడా వున్నది. పాప బడిలో చేరి నెల తిరగలేదు, సాయంకాలం అన్నం ముందు కూర్చుని నుదురు, రొమ్ము, భుజాలు తాకి శిలువ గుర్తు వేసుకుంటుంది. అవ్వ చూసి తెల్లబోతుంది. అయ్య చూసీ చూడనట్లు వూరుకుంటాడు. అమ్మకు మాత్రం రాత్రి నిద్ర పట్టదు. "పిల్లను మాన్పించాలా? మందలించాలా? మాట్లాడకుండా వుండాలా?" ఈ మూడు ప్రశ్నలూ మన ఇళ్ళలో తరచుగా వినబడుతూనే వుంటాయి. వీటిని కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

ముందుగా ఆ బడిలో ఏం జరుగుతుందో చూడాలి. చూడకుండా భయపడటం, చూడకుండా మెచ్చుకోవటం రెండూ ఒకటే. పొద్దున పిల్లలందరూ వరుసగా నిలబడతారు. తమిళంలోనో ఇంగ్లీషులోనో ఒక ప్రార్థన వుంటుంది. తర్వాత తమిళ్‌తాయి వాళ్త్తు, ఆనాటి వార్తలు, ఒక మంచి మాట. తరగతి గోడ మీద మరియమ్మ పటమో, ఏసు బాలుని పటమో వుంటుంది. అక్టోబరు జపమాల నెల. డిసెంబరులో పశువుల పాక కడతారు. మన పిల్లలు కూడా గడ్డి తెచ్చి, మట్టి గొర్రెలను వరుసగా పెడతారు. మేలో బడికి సెలవులు గనుక మరియమ్మ నెల కోవిలలోనే జరుగుతుంది. ఇంకొకటి వున్నది, మనం బాగా గుర్తుంచుకోవలసినది. వారంలో కొన్ని వేళల్లో కథోలిక పిల్లలు ఒక గదికి పోయి జ్ఞానోపదేశం నేర్చుకుంటారు. అదే వేళకు మిగిలిన పిల్లలకు మరొక గదిలో నీతిబోధ జరుగుతుంది. చాలా కథోలిక బడుల్లో ఇదే పద్ధతి. అంటే ఎవరి గంట వారిదన్నమాట. ఈ మాట దగ్గరకు మళ్ళీ వద్దాం.

ఇక గుబులు మాట. అది నిన్న మొన్నటిది కాదు, నాలుగు వందల ఏండ్ల నాటిది. మన పెద్దలు విజయనగరపు రోజుల నుంచి దక్షిణానికి తరలివచ్చి, మదుర నాయకరాజుల కాలంలో ఈ సీమలో నాటుకున్నారు. ఆ రోజుల్లోనే, 1590ల దశకంలో, గొన్సాలో ఫెర్నాండెజ్ అనే పోర్చుగీసు పాదిరి మదురలో ఒక చిన్న బడి నడిపాడు. అందులో పాఠం చెప్పినవాడు హిందూ ఉపాధ్యాయుడే. తర్వాత 1606లో రాబర్ట్ డి నోబిలీ అనే ఇటలీ దేశపు జెస్విట్ గురువు మదురకు వచ్చాడు. ఆయన కాషాయం కట్టి, మాంసం మాని, తమిళం, సంస్కృతం, తెలుగు నేర్చుకున్నాడు. తెలుగు ఎందుకంటారా? మదుర సింహాసనం మీద కూర్చున్నవారి ఇంటి భాష తెలుగు గనుక. ఆ బడి ఉపాధ్యాయుడు నోబిలీతో రోజుల తరబడి వాదించి, చివరకు ఆయన మతంలో కలిశాడు. కాబట్టి అవ్వకు కలిగే గుబులు వట్టి పిచ్చి అని కొట్టిపారవేయటం న్యాయం కాదు. బడి అన్నచోట నమ్మకాలు ఒకదానికొకటి ఎదురుపడతాయి. పాతకాలంలో ఎదురుపడ్డాయి, నేడూ ఎదురుపడతాయి.

అయితే ఆ నాటికీ నేటికీ మధ్య రెండు పెద్ద మార్పులు వచ్చాయి. అవి మన తల్లులకు తెలియాలి.

మొదటిది మన రాజ్యాంగం. అందులో 28వ అధికరణం చెప్పేదేమంటే, ప్రభుత్వ గుర్తింపు గాని ప్రభుత్వ ధనసహాయం గాని వున్న ఏ బడిలోనైనా, చదువుకునేవారిని వారి సమ్మతి లేకుండా మతబోధకూ పూజకూ కూర్చోబెట్టరాదు. పిల్లవాడు మైనరయితే ఆ సమ్మతి తల్లిదండ్రులది. అంటే తాళంచెవి మన చేతిలోనే వున్నది. మనం దానిని బొడ్లో దోపుకుని, తలుపు తెరిచి వున్నదని ఇంట్లో కూర్చుని వాపోతే లాభం లేదు. పోయి అడగవచ్చు. కరస్పాండెంటు గారినో, హెడ్ సిస్టర్ గారినో మర్యాదగా కలిసి, "మా పాప ఏ ప్రార్థనలో నిలబడుతుంది, ఏ తరగతిలో కూర్చుంటుంది?" అని అడిగితే ఎవరూ కోపపడరు. అడిగిన తల్లిదండ్రులను గౌరవించే బడులే ఎక్కువ.

రెండవ మార్పు ఆ సభలోనే వచ్చింది. 1962 నుంచి 1965 వరకు రోమునగరంలో ప్రపంచపు కథోలిక బిషప్పులందరూ కూడి రెండవ వాటికన్ మహాసభ జరిపారు. 1965 అక్టోబరు 28న, ఒకే రోజున, ఆ సభ వెలువరించిన పత్రాలలో రెండు మనకు ముఖ్యం. ఒకటి బడి చదువును గురించి, మరొకటి ఇతర మతాలను గురించి. రెండవదానిలో హిందూమతం పేరు ఎత్తి, ఇతర మతాలలో వున్న సత్యమైన దానిని, పవిత్రమైన దానిని తాము కాదనబోమని చెప్పారు. అదే సంవత్సరం డిసెంబరు 7న మరొక పత్రంలో, మతం విషయంలో ఎవరినీ బలవంతపెట్టరాదని ప్రకటించారు. ఇటీవల 2024లో భారతదేశపు కథోలిక బిషప్పుల సమాఖ్య తమ బడులకు సూచనలు పంపుతూ, ఇతర మతాల పిల్లల మీద తమ ఆచారాలు రుద్దవద్దనీ, పొద్దున సభలో రాజ్యాంగ పీఠిక చదివించమనీ, వీలైతే అన్ని మతాలవారికీ ఒక ప్రార్థనాగది వుంచమనీ చెప్పింది. వారి పెద్దలే ఇంత చెప్పిన తర్వాత, మన పాప శిలువ గుర్తు వేసుకున్నదని ఇంట్లో రణరంగం చేయనక్కరలేదు. పిల్లలు చూసినది చేస్తారు. పొద్దున గుళ్ళో నామం పెట్టుకున్న పిల్లవాడే సాయంకాలం క్రికెట్ ఆటగాడిలా టోపీ తిప్పి పెట్టుకుంటాడు. "మీ బడిలో అట్లా దండం పెడతారు, మన ఇంట్లో ఇట్లా దండం పెడతాము" అని అమ్మ నెమ్మదిగా చెబితే చాలు. పిల్లకు రెండూ తెలుస్తాయి, దేనినీ ఎగతాళి చెయ్యదు.

ఇంతకూ ఆ బడి మన పిల్లలకు ఏమిస్తున్నది? చదువు ఒక్కటే అనుకోవద్దు. అక్కడ రాజుల బిడ్డ, నాడార్ల బిడ్డ, మిల్లు కూలి బిడ్డ, ముస్లిముల బిడ్డ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. మన వూళ్ళో 1936లో పి.ఎ.సి. రామస్వామిరాజు గారు రాజపాళయం మిల్లు స్థాపించిన తర్వాత ఎన్నో వూళ్ళ నుంచి కార్మికులు వచ్చి స్థిరపడ్డారు. ఆ కుటుంబాల పిల్లలూ మన పిల్లలూ మొదటిసారి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకునేది బడిలోనే. అన్నం విషయమూ అంతే. మన పొరుగు వూరు విరుదునగరులో పుట్టిన కామరాజు గారు ముఖ్యమంత్రిగా వుండి 1956లో బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. 1982లో ఎం.జి.ఆర్. గారు దానిని విస్తరించారు. 2022 సెప్టెంబరులో మదురలో ప్రారంభమైన పొద్దుటి ఫలహారం పథకం, 2024లో గ్రామాల్లోని ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలకు, 2025లో పట్టణాల్లోని వాటికి కూడా వచ్చింది. సిస్టర్ల బడి అయినా ఎయిడెడ్ అయితే అక్కడి పిల్లలూ సర్కారు ఉప్మా తింటారు. ఒకే పళ్ళెం వరుసలో కూర్చుని తిన్న పిల్లలకు పెద్దయిన తర్వాత పక్కింటివాడి పండుగ పరాయిది అనిపించదు.

ఇచ్చిపుచ్చుకోవటం కూడా ఒక వైపుదే కాదు. తమిళనాట ఎన్నో మాతాకోవిళ్ళలో సంక్రాంతినాడు చెరకుగడలు నిలిపి, కొత్తకుండలో పొంగలి పొంగిస్తారు. సెప్టెంబరు 8న వేళాంగణ్ణి పండుగకు కాలినడకన పోయేవారిలో హిందువులు ఎందరో వుంటారు. కోవిల్‌పట్టి దగ్గర కామనాయక్కన్‌పట్టి వున్నది గదా. పేరులోనే నాయకుడున్న ఆ వూరి మాతాకోవిలకు ఆగస్టు 15న జరిగే ఉత్సవానికి అన్ని కులాలవారూ పోతారు. కనుక దేవుని విషయంలో మన పిల్లలు చెడిపోతారేమో అనే దిగులు కొంచెం తగ్గించుకోవచ్చు. ఇంట్లో దీపం వెలుగుతూ వుంటే, పండుగ పండుగలా జరుగుతూ వుంటే, తాత కథ చెబుతూ వుంటే, బడి ప్రార్థన పిల్లను మన నుంచి లాక్కుపోదు.

మరి దిగులుపడవలసినది ఏమీ లేదా అంటే, వున్నది. అది మనం చూస్తున్న వైపు లేదు.

ఒక ఇంట జరిగిన ముచ్చట వినండి. అయిదేండ్ల పాప రాత్రి పడుకోబోతూ అడిగిందట: "అవ్వా, బళ్ళో సామికి తమిళం వచ్చును, ఇంగ్లీషు వచ్చును. తెలుగు వచ్చునా?" అవ్వ నవ్వి, "నేను పుట్టినప్పటి నుంచి తెలుగులోనే గదమ్మా మొక్కుతా వుండేది. ఆయనకు రాకుంటే ఇన్నాళ్ళు నన్ను వాకిట్లో నిలబెట్టి వుండునా?" అన్నదట. పాప వూరుకోలేదు. "అట్లయితే సామి పేరు తెలుగులో రాసి చూపించు" అన్నది. అక్కడ అవ్వ నవ్వు ఆగిపోయింది. ఆమెకు తెలుగు పలుకు వున్నది, తెలుగు అక్షరం లేదు.

సోదరీమణులారా, ఇది ఆ ఒక్క అవ్వ కథ కాదు. ఈ సీమలో వున్న తెలుగు ఇళ్ళలో చాలావాటి కథ. నాలుగు వందల ఏండ్లు నోటితో కాపాడుకుంటూ వచ్చాం. పెళ్ళిలో పాట తెలుగు, పురిట్లో మాట తెలుగు, కోపం వస్తే తిట్టు తెలుగు. పెళ్ళి పత్రిక మాత్రం తమిళం. అన్నదమ్ములు రాసుకునే ఉత్తరం తమిళ లిపిలో తెలుగు. ఆ లిపిలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం గనుక 'కంప' అన్నామో 'గంప' అన్నామో సందర్భం చూసి పోల్చుకోవాలి. ఈ పత్రికను కూడా కొన్ని ఇళ్ళలో ఒకరు చదివితే నలుగురు వింటున్నారు. వినటం సంతోషమే. ఆ చదివే ఒక్కరి తర్వాత చదివేదెవరు?

ఇందుకు మాతాకోవిల బడిని నిందించటం తగదు. బడి తమిళం నేర్పాలి, నేర్పుతున్నది. 2006లో వచ్చిన తమిళ బోధన చట్టం ప్రకారం ఆ ఏటి ఒకటవ తరగతి నుంచి మొదలై ఏటేటా పై తరగతులకు తమిళం తప్పనిసరి అయింది. అది మనకు అన్నం పెట్టిన నేల భాష. దానిని బాగా నేర్చుకోవటం మన ధర్మం. మన వూరి పి.ఎస్. కుమారస్వామిరాజు గారు 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్రాన్ని పాలించారు. తమ ఇంటిని గాంధీ కలై మన్రానికి దానం చేశారు. తమిళులు ఆయనను తమవాడిగానే తలచారు. తమిళం బాగా వచ్చినంత మాత్రాన తెలుగు పోదు. తెలుగుకు మనం వేళ ఇవ్వకపోతే పోతుంది.

వేళ అన్నాను గనుక మళ్ళీ ఆ జ్ఞానోపదేశపు గంట దగ్గరకు వద్దాం. కథోలికులు ఈ దేశంలో కొద్దిమంది. అయినా తమ నమ్మకం పిల్లల చేతికి అందాలని వారు ఒక గంట విడిగా కట్టిపెట్టారు. బడిలో వీలయితే బడిలో, వీలు కాకుంటే ఆదివారం పూజ అయిన తర్వాత కోవిల వరండాలో. చిన్న పిల్లలు చాప మీద కూర్చుంటారు. వూరి టీచరో, కాలేజీలో చదివే అమ్మాయో, ఒక సిస్టరో నేర్పుతారు. పెద్ద కట్టడం లేదు. ఇన్‌స్పెక్టరు రాడు, మార్కులు లేవు. ఏండ్ల తరబడి ఆ గంట తప్పదు. మొదటి దివ్యసత్ప్రసాదం తీసుకునేనాటికి ప్రతి బిడ్డకూ తన ప్రార్థనలు తనకు వచ్చి వుంటాయి. వారి బడిని చూసి మనం మెచ్చుకునేది క్రమశిక్షణ అయితే, ఆ క్రమశిక్షణకు వేరు ఈ గంటలో వున్నది.

భాష విషయంలోనూ వారి వద్ద నేర్చుకోవలసినది వున్నది. 1963 డిసెంబరు 4న వాటికన్ మహాసభ పూజలో ప్రజల భాషను వాడవచ్చునని తీర్మానించింది. అంతకు ముందు వందల ఏండ్లుగా పూజ లాటిన్‌లోనే జరిగేది. పాతకాలంలో కాన్వెంటులో చదివిన మన అత్తమ్మలకు ఆ లాటిన్ పాటల రాగం ఇంకా గుర్తుండవచ్చు. అర్థం కాని భాషలో ఎంత భక్తిగా పాడినా అది పెదవుల దగ్గర ఆగిపోతుందని ఆ సభ గ్రహించింది. అంత పెద్ద సభ తన వెయ్యేండ్ల అలవాటును మార్చుకుని తల్లి భాషకు తలుపు తీసింది. తల్లి భాష చేతిలో వుండీ తలుపు వేసుకునేది మనమేనా?

కామనాయక్కన్‌పట్టిలో కొంతకాలం పనిచేసిన బెస్కీ గురువును తమిళులు వీరమామునివర్ అంటారు. 1680లో ఇటలీలో పుట్టాడు. 1726లో తేంబావణి అనే కావ్యం రాశాడు, తమిళ నిఘంటువు కూర్చాడు. తమిళ లిపిలో ఎ, ఏ లకూ ఒ, ఓ లకూ తేడా తెలిసేటట్లు గుర్తులు ఏర్పరచినవాడు కూడా ఆయనే. మనకు పాతిక మైళ్ళ వైపున ఒక పరదేశి కూర్చుని, తనది కాని భాష అక్షరానికి అంత శ్రద్ధ చేశాడు. మన అక్షరానికి మనం వారానికి ఒక గంట చేయలేమా?

చట్టం కూడా మనకు అడ్డం లేదు. రాజ్యాంగం 30వ అధికరణం మతం చేత అల్పసంఖ్యాకులైనవారికీ, భాష చేత అల్పసంఖ్యాకులైనవారికీ, ఇద్దరికీ ఒకే వాక్యంలో బడి పెట్టుకునే హక్కు ఇచ్చింది. సిస్టర్ల బడిని కాపాడే గొడుగూ మన నెత్తిమీది గొడుగూ ఒకటే. 1956లో చేర్చిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతులు కల్పించవలసిందని రాష్ట్రాలకు చెప్పింది. 2006 చట్టంలో కూడా తమిళం, ఇంగ్లీషు కాక వేరే మాతృభాష వున్నవారు దానిని ఐచ్ఛిక పాఠంగా చదువుకోవటానికి చోటున్నది. మనవారు విద్యకు వెనుదీసినవారు కాదు. 1973లో రాజపాళయం రాజుల కళాశాల వెలిసింది. కళాశాల కట్టగలిగిన చేతులకు ఒక గంట కట్టటం కష్టమా?

సరే, ఆ గంట ఎట్లా నడుస్తుందో లెక్క వేద్దాం. మన అక్షరాలు యాభై ఆరు. వారానికి నాలుగు చొప్పున నేర్పితే పద్నాలుగు వారాలు. జూన్ రెండవ వారంలో మొదలుపెడితే సెప్టెంబరు మధ్యకు అక్షరమాల పూర్తి. దసరా నాటికి ఒకసారి తిరగవేయవచ్చు. అక్కడి నుంచి సంక్రాంతి లోపల గుణింతాలు, వత్తులు. మన ఇంట్లో పలుకు వున్నది గనుక అర్థం చెప్పనక్కరలేదు. 'క' దిద్దితే కల, 'గ' దిద్దితే గడప, పిల్లకు వెంటనే అందుతుంది. సముద్రాల అవతల అమెరికాలో వున్న తెలుగువారు 2007లో మనబడి అనే పేరుతో వారాంతపు తెలుగు చదువు మొదలుపెట్టారు. అక్కడి పిల్లలు చాలామందికి అక్షరంతో పాటు మాట కూడా నేర్పవలసి వస్తుంది. మనకు సగం పని అవ్వలు ముందే చేసి పెట్టారు.

స్థలం ఎక్కడ? గుడి మండపం, సంఘం హాలు, పెద్ద వాకిలి వున్న ఇల్లు ఏదైనా సరే. ఎవరు నేర్పుతారు? ఈ పత్రిక చదవగలిగిన ప్రతి ఒక్కరూ. ఇద్దరు పిల్లలున్నా చాలు. ముఖ్యంగా, పిల్లలతో పాటు అవ్వలను కూడా కూర్చోబెట్టండి. మనుమరాలి పలక మీద అవ్వ 'అ' దిద్దటంలో చిన్నతనం ఏమీ లేదు.

ఇక్కడ ఇద్దరు ముగ్గురు తప్పకుండా అడ్డం చెబుతారు. "హోంవర్కుకే వేళ చాలటం లేదు, మళ్ళీ ఇదొకటా?" అంటారు. నిజమే, పిల్లలు అలసిపోతున్నారు. ఈ గంటలో పరీక్ష పెట్టకండి, కొట్టకండి, ఒకరితో ఒకరిని పోల్చకండి. పాట, కథ, పలక, చివరకు నాలుగు వేరుశెనగలు. అంతే. "తెలుగు చదివితే ఉద్యోగం వస్తుందా?" అంటారు ఇంకొకరు. జ్ఞానోపదేశం చదివితే ఉద్యోగం వస్తుందని ఏ కథోలిక తల్లీ బిడ్డను పంపటం లేదు. తాను ఎవరో బిడ్డకు తెలియాలని పంపుతుంది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి (1767-1847) కృతులు తెలుగులో కట్టారు. తమిళ గాయకులు వాటిని తమ లిపిలో రాసుకుని ఇప్పటికీ కంఠస్థం చేస్తున్నారు. పొరుగువారు కూడా మోసుకువస్తున్న భాషను మన బిడ్డ చదవలేకపోవటం ఎంత చిన్నతనం!

చివరగా, మన సంఘంలోనూ బంధువర్గాలలోనూ వున్న తెలుగు కథోలిక కుటుంబాలకు ఒక మాట. పద్దెనిమిదవ శతాబ్దపు తొలి ఏండ్లలో ఫ్రెంచి జెస్విట్లు పుంగనూరు సీమలో తెలుగువారి మధ్య పని మొదలుపెట్టారు. ఆ తర్వాత తెలుగు కథోలికులు కొందరు దక్షిణానికి వచ్చి స్థిరపడ్డారు. తిరువళ్ళూరు వైపు కీళచ్చేరి అటువంటి వూరే. మీకు కోవిలలో ప్రార్థన తమిళంలో జరుగుతుంది, జరగనివ్వండి. రాత్రి ఇంట్లో జపమాల చెప్పుకునేటప్పుడు ఒక్క జపమైనా తెలుగులో చెప్పండి. మా పిల్లలు కూర్చునే చాప మీద మీ పిల్లలకూ చోటున్నది. ఆ చాప మీద దేవుళ్ళు వేరైనా అక్షరాలు ఒకటే.

అమ్మలు అడిగిన మూడు ప్రశ్నలకూ ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. పిల్లను మాన్పించవద్దు, మంచి బడి దొరకటం అదృష్టం. మందలించవద్దు, దేవుని తలచుకున్న బిడ్డ తప్పు చేసినట్లు కాదు. మాట్లాడకుండా మాత్రం వుండవద్దు. బడికి పోయి ఒకసారి సిస్టర్ గారితో మాట్లాడండి. వారి పండుగకు మీరు పోండి, మన పండుగకు వారిని పిలవండి. ఇంటికి వచ్చి పిల్లతో మాట్లాడండి, తెలుగులో. ఈ ఆదివారమే ఒక పలక కొని తెచ్చి, నాలుగు అక్షరాలతో మొదలుపెట్టండి. భోగినాటికి మీ ఇంటి పిల్ల తాతకు నాలుగు వాక్యాల ఉత్తరం తెలుగులో రాస్తే, దానిని ఈ పత్రికకు పంపండి. తప్పులున్నా సరే, దిద్దకుండా అచ్చువేస్తాం.